పెరటి పండ్లు – ఇంటి చిరుతిండ్లు

"పెరటి చెట్టు మందుకు పనికిరాదు" అని తెలుగువారి సామెత. "ఘర్ కీ ముర్గీ దాల్ బరాబర్" అని ఉర్దూలో లోకోక్తి. ఇంట పెరిగిన కోడి పప్పుతో సమానమని దాని అర్థం. ఒకే వీధిలో పక్కపక్కన నివసించే రెండు భాషలవారు ఒకే సత్యాన్ని తమతమ మాటలలో చెప్పుకున్నారు. చేతికి అందినదానికి విలువ ఇవ్వకపోవడం, దూరాన ఉన్నదానికి అర్రులు చాచడం మానవ స్వభావం. వస్త్రాల విషయంలోనో, నగల విషయంలోనో ఈ స్వభావం వలన కలిగే నష్టం డబ్బుతో పోతుంది. ఆహారం విషయంలో కలిగే నష్టం మాత్రం పిల్లల దేహంలో మిగిలిపోతుంది.

ఈ వ్యాసంలో నేను ప్రతిపాదించదలచినది ఒక్కటే. సామాన్య కుటుంబానికి కావలసిన చౌకైన, ఆరోగ్యకరమైన చిరుతిండి మన నేలలో పండే పండ్లలోనే ఉన్నది. జామ, బొప్పాయి, అరటి, రేగు, ఉసిరి, నేరేడు, సీతాఫలం వంటి వాటిని బీదల పండ్లని చిన్నచూపు చూడడం మాని, ఇంటి పళ్ళెంలో వాటికి గౌరవస్థానం ఇవ్వవలసి ఉన్నది. అయితే వాటిని వీలైనంత తక్కువ చక్కెరతో, వీలైనంత తక్కువ శ్రమతో, ఇంటిల్లిపాదీ కలిసి సిద్ధం చేసుకున్నప్పుడే ఆ గౌరవం నిలుస్తుంది.

మన సమాజంలో పండ్లకు కూడా అంతస్తులు ఏర్పడ్డాయి అనడంలో అతిశయోక్తి లేదు. ఆసుపత్రిలో ఉన్న బంధువును పరామర్శించబోయేవారు చేతిలో యాపిల్ పండ్ల సంచి లేకుంటే చిన్నతనంగా భావిస్తారు. జామకాయలు తీసుకొని వెళ్ళినవారిని చూసి నలుగురూ నవ్వుకుంటారు. యాపిల్ మంచి పండే. దానిని నిందించడం నా ఉద్దేశం కాదు. కాని కాశ్మీరులోనో, హిమాచల్ ప్రదేశ్‌లోనో పండి, దాదాపు 2,000 కిలోమీటర్లు ప్రయాణించి, శీతల గిడ్డంగులలో కాలం గడిపి మన బజారుకు చేరిన ఆ పండుకు చెల్లించే ధరలో రవాణా, నిల్వ ఖర్చులు కూడా చేరి ఉంటాయి. మన ఊరి సంతలో బుట్టలో పెట్టుకొని అమ్మే అవ్వ దగ్గరి జామపండుకు ఆ భారం లేదు.

ఇక గుణం మాటకు వద్దాం. 100 గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది. నారింజలో 40 నుంచి 50 మిల్లీగ్రాములు. యాపిల్‌లో దాదాపు 5 మిల్లీగ్రాములు మాత్రమే. పీచు పదార్థంలోను యాపిల్ కంటె జామ రెట్టింపునకు పైబడి ఉంటుంది. ఉసిరికాయ విటమిన్ సి విషయంలో జామతో పోటీపడుతుంది. బాగా పండిన బొప్పాయిలోను, మామిడిలోను కంటిచూపుకు అవసరమైన విటమిన్ ఏ గా దేహం మార్చుకోగల కెరోటిన్ ఉన్నది. ఇన్ని సుగుణాలు గల పండ్లు మన పెరటిలో, మన చేను గట్టున కాస్తుంటే, వాటికి విలువ లేదని అనుకోవడం సామెతను నిజం చేయడమే అవుతుంది.

ఈ విషయాలు తెలుసుకోవడానికి మనం విదేశీ గ్రంథాలను ఆశ్రయించనక్కరలేదు. మన దేశపు ఆహార పదార్థాలలోని పోషక విలువలను కొలిచి గ్రంథస్థం చేసిన జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాదులోని తార్నాకలోనే ఉన్నది. 1918లో నీలగిరులలోని కూనూరులో రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుని చిన్న పరిశోధనశాలగా ఆరంభమైన ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చినది. అది 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలలో ఒక మనిషి రోజుకు తినవలసిన పండ్ల పరిమాణం 100 గ్రాములని సూచించినది. 100 గ్రాములంటే ఎంత? ఒక ఓ మోస్తరు జామపండు. అంతే! ఇది కలవారికి మాత్రమే సాధ్యమయ్యే భోగమని ఎవరనగలరు?

ఈ చిన్న పండును గురించి ఇంతగా చెప్పవలసిన అవసరమేమని పాఠకులు ప్రశ్నించవచ్చు. అవసరం ఉన్నది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలలు మొదలు అయిదేండ్ల లోపు పిల్లలలో 67 శాతం మందికి రక్తహీనత ఉన్నది. తెలంగాణలో అది 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. 15 నుంచి 49 ఏండ్ల స్త్రీలలో దేశం మొత్తం మీద 57 శాతం మంది రక్తహీనతకు గురైనట్లు ఆ సర్వే తేల్చినది. అంటే సగటున మన ప్రతి వీధిలోను, ప్రతి తరగతి గదిలోను ఈ లోపం కనబడకుండా తిష్ఠ వేసి ఉన్నదన్నమాట. పాఠం వింటూ నిద్రపోయే విద్యార్థినిని సోమరి అని మందలించే ముందు, ఆమె ఉదయం ఏమి తిన్నదో ఒకసారి అడగడం మంచిది.

రక్తహీనతకు కారణాలు పెక్కు. వాటిలో ఇనుము లోపం ముఖ్యమైనది. మన సామాన్యుల భోజనంలోని ఇనుము ఎక్కువగా ఆకుకూరలు, పప్పులు, రాగులు, జొన్నలు, సజ్జల వంటి శాకాహారం నుంచి లభించేది. ఈ రకపు ఇనుమును దేహం సులువుగా గ్రహించలేదు. భోజనంతోపాటు విటమిన్ సి చేరితే మాత్రం దానిని మరింతగా గ్రహించుకోగలుగుతుంది. తోటకూర పప్పుతో అన్నం తిన్న పిల్లవానికి వెంటనే నాలుగు జామముక్కలు ఇస్తే, ఆ ముక్కలు పప్పులోని ఇనుమును దేహానికి అందించే దూతలవుతాయి. దానికి బదులు భోజనం కాగానే చాయ్ తాగితే, తేయాకులోని పదార్థాలు అదే ఇనుమును అడ్డగిస్తాయి. మన రెండు భాషల ఇండ్లలోను చాయ్‌పై ఉన్న మక్కువ ఎవరికి తెలియనిది! దానిని మానమని నేను అనడం లేదు. భోజనానికి, చాయ్‌కి నడుమ ఒక గంట వ్యవధి ఉంచి, ఆ స్థానంలో పండు ముక్కను కూర్చోబెట్టమని మాత్రమే నా మనవి.

ఇప్పుడు పిల్లలు సాయంకాలం ఏమి తింటున్నారో చూద్దాం. బడి విడిచిన వెంటనే పిల్లలు పరుగెత్తేది మూలమీది దుకాణానికి. అక్కడ తోరణాలవలె వేలాడే రంగురంగుల పొట్లాలు, వాటి పక్కన పండు బొమ్మ ముద్రించిన పానీయపు పెట్టెలు. ఆ బొమ్మను చూసి తల్లిదండ్రులు కూడా, పోనీలే, పండ్లరసమే కదా అని సరిపెట్టుకుంటారు. పండు పేరుతో అమ్మే పానీయంలో కనీసం 10 శాతం పండ్లరసం ఉంటే చాలునని మన దేశంలో 2011 నాటి ఆహార నియమాలు నిర్దేశించాయి. నిమ్మ పానీయాలకు 5 శాతం ఉన్నా చాలును. మిగిలినది ముఖ్యంగా నీరు, చక్కెర. గాఢరసంలో నీరు కలిపి తయారుచేసిన వాటిపై నూరు శాతం పండ్లరసమని వ్రాయరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2024 జూన్‌లో ఉత్పత్తిదారులను ఆదేశించవలసి వచ్చినది. పెట్టెమీది బొమ్మను నమ్మడం కంటె, దాని వెనుక చిన్న అక్షరాలలో ఉన్న పట్టికను చదవడం విద్యావంతుల లక్షణం. ఇంటిలో చదువుకున్న మొదటి తరంవారు మన కళాశాలలో పలువురు ఉన్నారు. ఆ చిన్న అక్షరాలను తల్లికి, తండ్రికి చదివి వినిపించవలసిన బాధ్యత వారిదే.

అయితే ఇంటిలో చేసినది కనుక అంతా అమృతమేనని అనుకోవడం మరొక భ్రమ. ఈ విషయంలో మన పెద్దల వంటలను కూడా మొగమాటం లేకుండా పరిశీలించాలి. ఉసిరి మురబ్బా, మామిడి మురబ్బా ఎంత రుచికరమైనవో అంత చక్కెర నిండినవి. పూర్వం శీతల యంత్రాలు లేని రోజులలో పండును ఏడాది పొడుగునా నిలువ ఉంచడానికి చక్కెర పాకం ఒక సాధనం. అప్పటివారు దానిని రోజుకు ఒక చెంచా, అదీ ఔషధంవలె తినేవారు. అదే మురబ్బాను రొట్టెకు దట్టంగా పట్టించి మూడు పూటలా తింటే ఔషధం కాస్తా రోగకారణమవుతుంది. బెల్లం వేశాము కనుక దోషం లేదని కొందరి వాదన. బెల్లంలో స్వల్పంగా ఖనిజ లవణాలు ఉన్నమాట నిజమే గాని, అది కూడా చక్కెర జాతిదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఈ విషయమై ఇచ్చిన సూచన గమనించదగినది. మనం తినే ఆహారపు శక్తిలో విడి చక్కెరల వాటా 10 శాతం లోపు ఉండాలి. 5 శాతం లోపు ఉంటే మరీ మంచిది. రోజుకు 2,000 కాలరీల ఆహారం తీసుకునేవారికి 10 శాతమంటే 50 గ్రాములు. చిన్నపిల్లలకు ఇంకా తక్కువ. ఇందులో ఒక మెలిక ఉన్నది. పండును పండుగా తింటే అందులోని తీపిని ఈ లెక్కలో చేర్చరు. అదే పండును పిండి రసం తీస్తే ఆ తీపి విడి చక్కెరల లెక్కలోనికి వస్తుంది. పండును కొరికి, నమిలి తినేటప్పుడు పీచు అడ్డుపడి తీపి నెమ్మదిగా రక్తంలోనికి చేరుతుంది. రెండు పండ్లు తినేసరికి కడుపు నిండుతుంది. రసమైతే నాలుగు బత్తాయిలది ఒక్క గుక్కలో దిగిపోతుంది. మన దేశంలో మధుమేహ రోగుల సంఖ్య 10 కోట్లు దాటినదని 2023లో ప్రకటితమైన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం తెలిపినది. అందుచేత, తినగలిగిన పండును తాగవద్దు అన్నది ప్రతి ఇంటిలోను సూత్రం కావాలి.

ఇంత చెప్పిన తరువాత మన వంటిళ్ళ వైపు తిరిగితే, ఆ సూత్రానికి తగిన రుచులు మన సంప్రదాయంలో కొల్లలుగా కనిపిస్తాయి. తెలుగువారి పండుగలు ఋతువును అనుసరించి వస్తాయి. సంక్రాంతికి రేగుపండ్లు, ఉగాదికి మామిడి పిందె, వినాయక చవితికి వెలగపండు, కార్తికానికి ఉసిరి. పండుగ అన్న మాటలోనే పండు వినిపిస్తున్నది. ముస్లిం సోదరుల రంజాన్ నెల చాంద్రమానాన్ని అనుసరించి ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతుంది. కాబట్టి సుమారు 33 ఏండ్లలో అది ఋతువులన్నిటినీ చుట్టివస్తుంది. ఒక మనిషి తన జీవితకాలంలో మామిడి రోజులలోను, సీతాఫలం రోజులలోను, రేగుపండ్ల రోజులలోను ఇఫ్తార్ చేస్తాడు. ఖర్జూరం ఒక్కటే మారదు. దాని పక్కన ఉండే పండ్లముక్కల పళ్ళెం ఏటా మారుతుంది. ఒకరి పండుగలు ఋతువును అంటిపెట్టుకొని ఉన్నాయి, మరొకరి పండుగ ఋతువులన్నిటినీ పలకరిస్తున్నది. రెండింటిలోను పండు ఉన్నది.

పండ్ల పేర్లలో కూడా ఈ సహవాసం కనిపిస్తుంది. బనగానపల్లె నవాబుల సంస్థానం పేర ప్రసిద్ధికెక్కిన మామిడిని మనం బేనిషాన్ అంటాము. మచ్చలేనిది అని ఆ మాటకు అర్థం. 2017లో ఆ పండుకు భౌగోళిక గుర్తింపు లభించినది. తెలుగు రైతు పండించిన పండుకు ఉర్దూ పేరు స్థిరపడి, ఇరువురూ దానిని తమదిగానే భావిస్తున్నారు. తెలుగువారి మామిడి తాండ్రను ఉర్దూవారు ఆమ్ పాపడ్ అంటారు. పేరు వేరైనా ఎండ ఒకటే, చాప ఒకటే.

పాఠకులకు ఆచరణలో ఉపయోగపడే కొన్ని చిరుతిండ్లను ఇక్కడ ప్రస్తావిస్తున్నాను. వీటిలో ఏదీ గొప్ప నేర్పును కోరదు.

మొదటిది పండ్లముక్కల పళ్ళెం. ఉర్దూ ఇండ్లలో దీనిని ఫ్రూట్ చాట్ అంటారు. జామ, బొప్పాయి, అరటి, దొరికితే దానిమ్మ గింజలు. అరచెక్క నిమ్మకాయ పిండి, చిటికెడు నల్ల ఉప్పు, వేయించి దంచిన జీలకర్ర పొడి చల్లితే చాలును. చక్కెర అవసరం లేదు. నిమ్మరసం వలన అరటిముక్కలు నల్లబడకుండా ఉంటాయి. ముక్కలు కోసిన తరువాత ఎక్కువసేపు ఉంచరాదు. కోయడం, తినడం వెంటవెంటనే జరగాలి. వేరుశెనగపప్పు వేయించి పైన చల్లితే పిల్లలకు బలం చేకూరుతుంది. బొప్పాయిలోని కెరోటిన్ దేహానికి పట్టడానికి ఆ పప్పులోని నూనె తోడ్పడుతుంది.

రెండవది ఖర్జూరం–నువ్వుల ఉండలు. గింజలు తీసిన ఖర్జూరాలు 200 గ్రాములు, వేయించి పొట్టు తీసిన వేరుశెనగలు 100 గ్రాములు, దోరగా వేయించిన నువ్వులు 50 గ్రాములు. పప్పులను ముందు కచ్చాపచ్చాగా దంచి, తరువాత ఖర్జూరం చేర్చి రోటిలో నూరితే ముద్ద అవుతుంది. ఉసిరికాయంత ఉండలు చుట్టి, మూత బిగువుగా ఉన్న డబ్బాలో పెట్టుకోవచ్చును. ఖర్జూరం తింటే రక్తం పడుతుందని మన ఇండ్లలో గట్టి నమ్మకం. నిజానికి ఖర్జూరం కంటె నువ్వులలో ఇనుము అనేక రెట్లు అధికం. ఈ ఉండలో తీపి ఖర్జూరానిది, సత్తువ నువ్వులది. ఉండతోపాటు ఒక జామముక్క తింటే ముందు చెప్పిన సూత్రం కూడా నెరవేరుతుంది. అయితే ఖర్జూరం స్వయంగా మిక్కిలి తీపి గలది కనుక రోజుకు ఒకటి రెండు ఉండలకు మించరాదు.

మూడవది రేగి వడియాలు. సంక్రాంతి రోజులలో మన పల్లెలలో విరివిగా దొరికే నాటు రేగుపండ్లను కడిగి, తుడిచి, గింజ చితకకుండా రోటిలో తొక్కాలి. కిలో పండ్లకు పావుకిలో లోపు బెల్లం, కొద్దిగా ఉప్పు, నాలుగయిదు పచ్చిమిరపకాయలు, ఒక చెంచా జీలకర్ర చేర్చి, చిన్నచిన్న బిళ్ళలుగా తట్టి రెండు మూడు రోజులు మంచి ఎండలో ఆరబెట్టాలి. పులుపు, తీపి, కారం, ఉప్పు కలిసిన ఈ బిళ్ళను నోట వేసుకున్న పిల్లవాడు దుకాణం పొట్లాన్ని మరచిపోతాడు. గింజలు ఉంటాయి కనుక మరీ పసిపిల్లలకు మాత్రం ఇవ్వకూడదు.

నాలుగవది తాండ్ర. గోదావరి తీరాన ఆత్రేయపురం, ఉత్తరాంధ్రలో భీమాళి తాండ్రకు ప్రసిద్ధి పొందాయి. అక్కడివారు చాపలపై రసం పొరమీద పొరగా పోసి ఎండబెడతారు. ఇంటికి అంత శ్రమ అక్కరలేదు. బాగా మాగిన రసాల మామిడి గుజ్జును సన్నని సెగపై కాసేపు చిక్కబరచి, నెయ్యి రాసిన స్టీలు పళ్ళెంలో పలుచగా పరచి, పైన పలుచని గుడ్డ కప్పి రెండు మూడు ఎండలు చూపితే ఇంటి తాండ్ర సిద్ధమవుతుంది. పండు తీపిగా ఉంటే చక్కెర అవసరమే లేదు. అయితే ఎండినకొద్దీ నీరు పోయి పండులోని తీపి గాఢమవుతుంది. పైగా అది పండ్లకు అంటుకుంటుంది. అందుచేత పిల్లలకు చిన్న ముక్క ఇచ్చి, నోరు పుక్కిలించడం అలవాటు చేయాలి.

అయిదవది హైదరాబాదు పెండ్లి విందులలో పేరెన్నికగన్న ఖుబానీ కా మీఠా. ఖుబానీ ఈ నేల పండు కాదు. ఎండు పండుగా చలిదేశాల నుంచి వచ్చి దక్కను వంటలో స్థిరపడినది. విందులో దీనిని చక్కెర దండిగా వేసి చేస్తారు. ఇంటికి వేరొక పద్ధతి చాలును. 100 గ్రాముల ఎండు ఖుబానీలను కడిగి రాత్రంతా నానబెట్టి, గింజలు తీసి, ఆ నానిన నీటిలోనే మెత్తగా ఉడికించాలి. పండుకు గల సహజమైన తీపి సరిపోతుంది. పైన చక్కెర వేయని మీగడ ఒక చెంచా. గింజలోని పప్పును అలంకారంగా వాడే ఆచారం ఉన్నది. అది చేదుగా ఉంటే మాత్రం నిస్సంకోచంగా పారవేయాలి. చేదు పప్పులో విషపదార్థానికి దారితీసే గుణం ఉన్నది.

సీతాఫలం గురించి ఒక మాట. పాలమూరు, బాలానగర్ ప్రాంతాల సీతాఫలాలు హైదరాబాదు బజారుకు రాగానే శరత్కాలం వచ్చినదని తెలుస్తుంది. దీని గుజ్జును పొయ్యిమీద పెట్టరాదు. వేడి తగిలితే చేదెక్కుతుంది. కాచి చల్లార్చిన పాలలోనో, మీగడలోనో కలుపుకొని తినడమే ఉత్తమం. గింజలను పూర్తిగా తీసివేయడం మరువరాదు.

ఇక కొన్ని ఆక్షేపణలకు సమాధానం చెప్పవలసి ఉన్నది. బజారు పండ్లలో మందులు కలుపుతున్నారు గదా, వాటికంటె పొట్లమే శుభ్రం కాదా అని కొందరంటారు. పండ్లను కార్బైడుతో మాగించడం మన దేశంలో నిషిద్ధం. అయినా అక్కడక్కడ జరుగుతున్నదనే భయం నిరాధారం కాదు. దీనికి మన పెద్దల ఉపాయమే మందు. పక్వానికి వచ్చిన కాయలను కొని, ఇంటిలో వరిగడ్డి నడుమనో, బియ్యపు డబ్బాలోనో మాగవేస్తే నాలుగయిదు రోజులలో పండుతాయి. ఏ పండునైనా కోయడానికి ముందే పారే నీటిలో రుద్ది కడగాలి. ఎండలో, ఈగల నడుమ కోసి పెట్టిన ముక్కలను మాత్రం కొనరాదు. అయిదేండ్ల లోపు పిల్లలకు ద్రాక్షపండ్లను నిలువుగా చీల్చి ఇవ్వాలి. గుండ్రని పండు గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉన్నది.

రెండవ ఆక్షేపణ ఇంతకంటె బరువైనది. ఉదయం మొదలు రాత్రి వరకు ఇంటిపని, దానికి తోడు బయటి కూలియో, కుట్టుపనియో, ఉద్యోగమో చేసే తల్లికి ఇన్ని వంటకాలు చేసే తీరిక ఎక్కడిది? ఆరోగ్యం పేరిట ఆమె నెత్తిన మరొక బరువు మోపడం న్యాయమా? ఈ ప్రశ్న వేయని ఆహార వ్యాసం నా దృష్టిలో సగం వ్యాసమే. రక్తహీనులైన స్త్రీల సంఖ్య ఇంతకుముందే చెప్పుకున్నాము. ఇంటిలో అందరికీ పండు కోసిపెట్టి, చివర తొక్కలు మాత్రమే తన వాటాగా మిగుల్చుకునే తల్లి మన రెండు సమాజాలలోను ఉన్నది. పిల్లల ఆరోగ్యం కోసం ఆమె ఆరోగ్యాన్ని పణంగా పెట్టడం చిరుతిండి సమస్యకు పరిష్కారం కాజాలదు.

కాబట్టే ఈ పని ఇంటిల్లిపాదీ పంచుకోవాలని ఆరంభంలోనే అన్నాను. జామపండు కోయడానికి పాకశాస్త్ర ప్రావీణ్యం అక్కరలేదు. కత్తి పట్టుకోగల చేయి ఉంటే చాలును. కళాశాలలో సమీకరణాలు సాధించే యువకుడు ఇంటిలో బొప్పాయి చెక్కు తీయలేడా? సాయంత్రం పనినుంచి వచ్చిన తండ్రి పది నిమిషాలు పిల్లలతో కూర్చొని పండ్లముక్కలు కోస్తే ఆయన గౌరవానికి లోపమేమి? రంజాన్ నెలలో ఇఫ్తార్‌కు ముందు మగవారు, మగపిల్లలు సైతం పండ్లు కోయడంలో చేయి వేసే ఇండ్లు ఎన్నో ఉన్నాయి. ఆ ఒక్క నెల సాధ్యమైనది మిగిలిన పదకొండు నెలలు ఎందుకు అసాధ్యం కావాలి? పండు కోసినవారు మొదటి వాటా తల్లికి ఇవ్వడం ఆచారం చేసుకుంటే అంతకంటె మంచి సంస్కరణ మరొకటి ఉండదు.

మూడవది డబ్బు మాట. పండ్లు పిరమైపోయినవన్నది వాస్తవమే. కాని ధర ఋతువును బట్టి మారుతుందన్న సంగతి మనం మరచిపోయాము. వేసవిలో యాపిల్, శీతకాలంలో మామిడి అడిగేవారికి పండు ఎప్పుడూ పిరమే. ఏ నెలలో ఏది విరివిగా వస్తుందో దానినే తినేవారికి పండు అందుబాటులోనే ఉంటుంది. పిల్లవాడు దుకాణంలో రోజూ ఖర్చుచేసే చిల్లరను వారం రోజులు కూడబెట్టి చూడండి. ఆ మొత్తానికి సంతలో ఎన్ని జామపండ్లు వస్తాయో లెక్కించి చూడండి. ఈ లెక్కకు అర్థశాస్త్ర పట్టా అవసరం లేదు.

ఇంటి ముందు నాలుగడుగుల నేల ఉన్నవారు మరొక మేలు చేయవచ్చును. బొప్పాయి నాటిన పది నెలలకు కాపుకు వస్తుంది. అంటుకట్టిన జామ రెండు మూడేండ్లలో ఫలిస్తుంది. మన కళాశాలల ఆవరణలో నీడ కోసం, అందం కోసం నాటే చెట్లలో సగమైనా పండ్ల చెట్లు ఎందుకు కాకూడదు? వసతి గృహంలో వారానికి మూడు రోజులైనా భోజనం తరువాత ఒక జామపండో, అరటిపండో ఎందుకు ఇవ్వకూడదు? ఫలహారశాలలో పానీయపు పెట్టెల పక్కన ఒక బుట్ట పండ్లు ఎందుకు ఉండకూడదు? ఇవి పెద్ద నిధులు కోరే సంస్కరణలు కావు. ఇష్టపడితే వచ్చే విద్యాసంవత్సరమే ఆరంభించదగినవి.

ప్రియ విద్యార్థులారా, రేపు మీరు పట్టాలు పుచ్చుకొని ఉద్యోగాలలో కుదురుకుంటారు. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే ఇంటికి ఖరీదైన వస్తువులు తీసుకొని వెళ్ళాలని ఉబలాటపడతారు. అది సహజం. ఆ ఉబలాటంలో పెరటి చెట్టును మరువవద్దు. పండు విలువను దాని ధరను బట్టి, అది వచ్చిన దూరాన్ని బట్టి, దానిపై మెరిసే మైనపు పూతను బట్టి నిర్ణయించవద్దు. అది మీ చెల్లెలి దేహానికి ఏమి ఇస్తున్నదో దానిని బట్టి నిర్ణయించండి. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత చెట్టును గురించి చెప్పినది కాదు, మన చూపును గురించి చెప్పినది. ఆ చూపు మార్చుకుంటే, సంతలో అవ్వ బుట్టలోని జామపండే మన ఇంటికి ఔషధం, అదే విందు.